గంటకు నలభై ఒక్క జతలు

బూట్ల ఫ్యాక్టరీలో ఆమెను అందరూ తూనీగ అనేవారు. మిషను ముందు కూర్చుంటే ఆమె వేళ్ళు ఒకచోట వాలినట్టు కనిపించేవి కావు. తోలు ముక్క అందుకోవడం, సూది కిందకి జరపడం, మలుపు తిప్పడం, దారం తెంచి పక్కన పడేయడం, ఇవన్నీ చూసేవాళ్ళ కంటికి విడివిడిగా ఆనేవి కావు. ఆ పేరు పెట్టింది పెద్దక్క. తూనీగ కంటే పన్నెండేళ్ళు ముందు అదే ఫ్యాక్టరీలో చేరిన మనిషి. పేరు పెట్టిన రోజే హెచ్చరిక కూడా చేసింది.

"తూనీగవి సరే. రెక్కలున్నాయి కదాని ఎగరకు. నీ వెనకాల నడిచొచ్చేవాళ్ళం ఉన్నాం."

అక్కడ యూనియన్ ఉండేది. గంటకు ఇరవై ఎనిమిది జతల పైతోళ్ళు కుట్టాలని యూనియనూ యజమానులూ కలిసి కుదుర్చుకున్న లెక్క. తూనీగకు ఇరవై ఎనిమిది అంటే ముక్కు గోక్కుంటూ కుట్టేంత పని. అయినా ఆమె పేరున ఎప్పుడూ ఇరవై ఎనిమిదే ఉండేవి. మిగిలినవి పక్కనున్నామె బుట్టలోకి వెళ్ళేవి. ఒకరోజు ఒకరికి ఒళ్ళు వెచ్చగా ఉంటుంది, ఒకరికి నెలలు నిండుతుంటాయి, ఒకరింట్లో ముందురోజే ఎవరో పోయి ఉంటారు. "రెండు జరుపు" అని గొంతు తగ్గించి అడిగితే చాలు, ఇటునుంచి రెండు జతలు అటు జరిగేవి. దానికి ఎవరూ పేరు పెట్టలేదు, ఎవరూ ఎవరికీ కృతజ్ఞతలు చెప్పలేదు.

పనివేగం కొలవడానికి చేతిలో గడియారంతో మనిషి వచ్చే రోజుల సంగతి వేరు. మిషన్లు బాగుచేసే మెకానిక్ యూనియన్ కమిటీలో ఉండేవాడు. అతనే తూనీగ భర్త. గడియారం మనిషి వస్తున్నాడని తెలిస్తే అతను వరసల మధ్య స్పానరు పట్టుకు తిరుగుతూ చెప్పేవాడు.

"బద్ధకంగా ఉండమని ఎవరూ అనట్లేదు. జాగ్రత్తగా ఉండండి చాలు. జాగ్రత్తకి టైము పడుతుంది మరి."

ఆ రోజు అందరూ మహా జాగ్రత్తపరులైపోయేవారు. ప్రతి జతకీ ముందు సూది తుడిచేవారు. దారం వెలుతురులో పట్టుకుని చూసేవారు. కింద దారం చుట్టిన బాబిన్ ఖాళీ కాకముందే మార్చేవారు. పెద్దక్కైతే తోలు ముక్కను పెళ్ళిచూపుల్లో పిల్లను చూసినట్టు అటూ ఇటూ తిప్పి చూసేది. గడియారం మనిషి వెళ్ళాక వరసంతా నోటికి కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వేది. తూనీగ కూడా నవ్వేది. గడియారం ముందు ఒక్కరు పరిగెడితే రేపటినుంచి అందరూ పరిగెత్తాల్సి వస్తుందని ఆమెకు బాగా తెలుసు.

అంటే తరవాత జరిగింది తెలియక చేసింది కాదు. ఈ కథ ఆమె ఇంట్లోవాళ్ళకి తన జన్మలో రెండుసార్లే పూర్తిగా చెప్పింది, రెండోసారి ఆఖరి మంచం మీద. రెండుసార్లూ ఆ మాటతోనే మొదలుపెట్టింది. "తెలిసే చేశాను. ముందు అది రాసుకోండి."

పద్దెనిమిదేళ్ళు పనిచేశాక ఆ ఫ్యాక్టరీ మూతపడింది. మిషన్లను లారీల్లోకి ఎక్కించారు. పెద్దక్క కూతురి దగ్గరికి వెళ్ళిపోయింది. మెకానిక్‌కి ఎక్కడా పని దొరకలేదు. కమిటీలో ఉన్నవాడన్న కబురు అతనికంటే ముందే ప్రతి గేటుకూ చేరేది.

"నేను నడిచి వెళ్తున్నాను, నా పేరు బస్సులో వెళ్తోంది" అనేవాడు భార్యతో. మొదట్లో ఇద్దరూ నవ్వారు. ఏడు నెలలయ్యేసరికి అతను ఆ మాట అనడం మానేశాడు.

అప్పుడు ఆదుకుంది వదిన. తూనీగకు స్వయానా అన్న భార్య. అన్న పోయి మూడేళ్ళయింది. పిల్లల్లేరు. ఒక గదిలో ఒంటరిగా ఉంటూ, కలప డిపో వెనకాల రేకుల షెడ్డులో బూట్లు కుట్టే పనికి వెళ్ళేది. అక్కడ ఎనిమిదేళ్ళనుంచీ ఉంది.

"మా సూపర్‌వైజరుతో మాట్లాడాను. మా మరదలు బంగారంలాంటి పనిమంతురాలు అన్నాను. నా పరువు తియ్యకు పిల్లా" అంది.

ఆ షెడ్డుకు ఒకటే తలుపు. కిటికీలు మనిషెత్తుకి పైన ఉండేవి, తలెత్తితే ఆకాశం తప్ప ఇంకేమీ కనపడదు. డిపోలో కోత మొదలైతే రంపం పొట్టు గాల్లో వచ్చి జిగురు మీద వాలేది. నలభైమంది ఆడవాళ్ళు, వాళ్ళలో పాత ఫ్యాక్టరీ నుంచి వచ్చినవాళ్ళు తూనీగతో కలిపి నలుగురు. గంటకు ముప్పై జతలు. అక్కడ యూనియన్ లేదు. ఆ మాట ఎవరూ అనరు కూడా, చీకట్లో పాము పేరు ఎత్తనట్టు. ఎవరి జత వాళ్ళు కుట్టి, లేసుల కింద ఉండే నాలుక లోపల తెల్ల పెన్సిలుతో తమ నంబరు వేసి, పెద్ద బుట్టలో పడేయాలి. వదినది పదిహేడు. తూనీగకు ముప్పై మూడు ఇచ్చారు.

మొదటి వారంలోనే ఆమెకు మాట పడింది. కుట్టు చివర దారం విడిపోకుండా మిషనును వెనక్కి నడిపి కొన్ని కుట్లు వేస్తారు. పాత ఫ్యాక్టరీలో మూడు వేసేవారు. ఇక్కడ రెండే. సూపర్‌వైజరు ఆమె కుట్టిన జత పైకెత్తి అందరికీ చూపించాడు.

"రెండు చాలమ్మా. మూడోదానికి దారం మీ నాన్న పంపిస్తున్నాడా?"

వరసంతా నవ్వింది. వదిన మాత్రం తల వంచుకుంది. అతను వెళ్తూ వెళ్తూ ఇంకో మాట అన్నాడు. "ఆ ఫ్యాక్టరీ వాళ్ళకి నోరు పనిచేసినంతగా చెయ్యి పనిచేయదు. అందుకే మూతపడింది."

నలభై ఏళ్ళు దాటిన మనిషి. పద్దెనిమిదేళ్ళు సూదితో కాపురం చేసిన మనిషి. ఆ మాట ఆమెకు గొంతులో చేపముల్లులా దిగింది. మింగుడు పడలేదు, కక్కుదామంటే రాలేదు.

నాలుగో నెలలో గడియారం మనిషి వచ్చాడు. సన్నగా, మర్యాదగా ఉన్న కుర్రవాడు. మిగతా అందర్నీ దాటుకుని ముందు నేరుగా ఆమె పక్కన నిలబడ్డాడు.

"అమ్మా, నేను ఇక్కడున్నానని అనుకోకండి. మామూలుగా కుట్టండి."

సూపర్‌వైజరు వెనకాల చేతులు కట్టుకు నిలబడి, "యూనియన్ సరుకు. చూడండి మరి ఎలా ఉంటుందో" అన్నాడు.

సూది తుడిచే గుడ్డ ఆమె ఒళ్ళోనే ఉంది. చెయ్యి దానివైపు వెళ్ళలేదు. కాలు మిషను మీద ఆనింది. మొదటి పది జతలు కోపంతో కుట్టింది. ఆ తరవాత కోపం ఎక్కడికో పోయింది. పద్దెనిమిదేళ్ళలో ఎప్పుడూ పూర్తిగా విప్పుకోని చేతులు ఒక్కసారిగా విచ్చుకున్నాయి. గదిలో మనుషులు లేరు. తోలు ఉంది, సూది ఉంది, తాను ఉంది. అది హాయిగా ఉంది. అన్నిటికంటే ఎక్కువ సిగ్గుపడాల్సింది అక్కడేనని తరవాత అనేది. భయంతో పరిగెత్తి ఉంటే తనను తాను క్షమించుకునేదేమో. ఆమె సంతోషంగా పరిగెత్తింది.

గంట గడిచేసరికి నలభై ఒక్క జతలు.

గడియారం మనిషిని ఇంకో ముగ్గురి దగ్గరికి తీసుకెళ్తూ, ఆమెకొక్కదానికే వినపడేలా "శభాష్" అన్నాడు సూపర్‌వైజరు. ఆ ముక్కని ఆమె దారిపొడుగునా పిప్పరమెంటు బిళ్ళలా చప్పరిస్తూ ఇంటికి వెళ్ళింది.

మెకానిక్ గుమ్మంలో కూర్చుని పక్కింటివాళ్ళ ఫ్యాను బాగుచేస్తున్నాడు.

"గడియారం వచ్చిందంట కదా?"

"వచ్చింది."

"సూది తుడిచావా?"

"తుడిచాను" అని లోపలికి వెళ్ళి కాళ్ళు కడుక్కుంది.

మర్నాడు దారిలో వదిన అడిగింది. "నీ పక్కన కూడా నిలబడ్డాడు కదే, ఎంత కుట్టావు?"

"ముప్పై."

"అమ్మయ్య. పదికాలాలు బతుకు" అంది వదిన.

సోమవారం పొద్దున్న తలుపు పక్కన బోర్డు మీద ముప్పై చెరిపేసి నలభై రాశారు. వరసగా రెండు వారాలు తగ్గినవాళ్ళు ఇంటికే అన్నారు. బోర్డు ముందు నిలబడి ఆడవాళ్ళు తలా ఒక మాట అన్నారు. ఆ గడియారం వంకరగా తిరిగి ఉంటుందని ఒకామె అంది. "ముళ్ళకి బదులు వాడి అత్తగారిని పెట్టుకున్నాడేమో, అంత తొందర" అని ఇంకో ఆమె అంటే నవ్వారు గానీ, ఆ నవ్వు బోర్డు దగ్గరే ఆగిపోయింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు తూనీగ కొంగు సర్దుకుంటూ నిలబడింది.

వదినకు వేళ్ళ కణుపులు వాచేవి. ముప్పై అయితే ఎలాగో లాక్కొచ్చేది. ఇప్పుడు తెల్లారి లేవగానే గిన్నెలో వేణ్ణీళ్ళు పెట్టుకుని పావుగంట చేతులు ముంచుకుని మరీ వచ్చేది. అయినా ముప్పై అయిదు, ముప్పై ఆరు దాటేవి కావు. మొదటి వారం తగ్గింది.

రెండో వారం తూనీగ టీకీ, మధ్యాహ్నం అన్నానికీ లేవడం మానేసింది. తన నలభై కాక గంటకు ఇంకో నాలుగు లెక్కన కుట్టి, వాటి నాలుకల లోపల ముప్పై మూడుకి బదులు పదిహేడు వేసి బుట్టలో పడేసేది. పాత అలవాటే. రెండు జరపడం, అంతే. కానీ ఇక్కడ అడిగినవాళ్ళు లేరు, తెలిసినవాళ్ళు లేరు. వదినక్కూడా చెప్పలేదు. చెప్తే ఎందుకని అడుగుతుంది.

"వేణ్ణీళ్ళు పనిచేస్తున్నాయే పిల్లా" అంది వదిన నాలుగో రోజు, కాస్త సిగ్గుపడుతూ. "లెక్క సరిపోతోంది. ముసలి గుర్రమైనా పరిగెత్తుతోంది చూడు."

తూనీగ నవ్వింది.

తొమ్మిదో రోజు సూపర్‌వైజరు రెండు చేతుల్లో రెండు జతలు పట్టుకుని వదిన మిషను దగ్గరికి వచ్చాడు. మిషన్లు ఒక్కొక్కటే ఆగాయి.

"పదిహేడు. ఇవి నువ్వు కుట్టినవేనా?"

వదిన నాలుక ఎత్తి చూసింది. "నా నంబరుంటే నావే కదండీ."

"ఈ జతకి చివర రెండు కుట్లున్నాయి. ఇది నీది. దీనికి మూడున్నాయి. ఇలాంటివి నిన్నటి బుట్టలోనే ముప్పై దొరికాయి. మూడు కుట్లు ఆ పాత ఫ్యాక్టరీ వాళ్ళ రోగం."

తన జతలకు తూనీగ జాగ్రత్తగా రెండే వేసుకునేది. ఇంకొకరి కోసం దొంగతనంగా, ఆదరాబాదరాగా కుట్టేటప్పుడు మాత్రం చేతులు చెప్పాపెట్టకుండా పాత ఫ్యాక్టరీకి వెళ్ళిపోయాయి. అక్కడ ఇంకొకరికిచ్చే జత తన జతకంటే గట్టిగా ఉండాలనేవారు.

వదిన ఆ మూడు కుట్ల వైపు చాలాసేపు చూసింది. తరవాత తన వేళ్ళ వైపు చూసుకుంది. మెల్లగా రెండు చేతులూ మిషను బల్ల కిందకి తీసుకుంది. మరదలి వైపు మాత్రం చూడలేదు.

"ఆ ఫ్యాక్టరీ నుంచి వచ్చినవాళ్ళు నలుగురున్నారు. ఎవరు?" అన్నాడు సూపర్‌వైజరు.

తూనీగ కాలు మిషను మీదే ఉంది. చెప్తే తనూ పోతుంది. ఇంట్లో మెకానిక్ ఖాళీ, తన కూతురు ఇంకా స్కూల్లో చదువుతోంది. ఇన్ని ఆలోచించింది కూడా కాదు. తేలు కుట్టిన దొంగలా కూర్చుంది. సూపర్‌వైజరు చూపు నలుగురి మీదా తిరిగి ఆమె దగ్గరకొచ్చి ఒక్క క్షణం ఆగింది. అతనికి అర్థమైంది. అర్థమై చూపు తిప్పేసుకున్నాడు. గంటకు నలభై ఒకటి కుట్టే చేతుల్ని పోగొట్టుకోవడం అతనికి ఇష్టం లేదు.

"ఎవరూ కాదంటే నావేననుకోండి" అంది వదిన.

ఆ మాటే కాగితం మీద రాయించుకుని సంతకం పెట్టించుకున్నారు. సాయంత్రానికి పదిహేడో నంబరు మిషను ఖాళీ అయింది.

ఆదివారం తూనీగ వదిన గదికి వెళ్ళింది. వదిన అప్పటికే ఒక కొట్టువాడి దగ్గర కాగితాలు తెచ్చుకుని సంచులు అతికిస్తోంది. వాచిన వేళ్ళకి సూది కంటే జిగురు నయం.

"వదినా, ఆ జతలు..."

"తెలుసులేవే. మూడో కుట్టు చూడగానే తెలిసింది. మంచికే చేశావు. నాకు ముందే చెప్పుంటే వేణ్ణీళ్ళని మురిసిపోకుండా ఉండేదాన్ని, అంతే." ఒక సంచి మడతపెట్టి పక్కన పెట్టింది. "నా ఏడుపు నీ మీద కాదు. ఆ నలభై ఎవత్తిని చూసి పెట్టాడో ఆ గడియారం వాడు. దాని చేతులు పడిపోను."

చెప్పాల్సింది అప్పుడే. తూనీగ ఒక కాగితం అందుకుని జిగురు రాయడం మొదలుపెట్టింది. ఆ సాయంత్రం నూటపాతిక సంచులు అతికించి, ఏమీ చెప్పకుండా ఇంటికి వచ్చేసింది.

ఏడాది తిరక్కుండా షెడ్డులో ఆరుగురికి మణికట్లు వాచాయి. ఒకామె మిషను మీదే పడిపోయింది. వాళ్ళలో వాళ్ళే గుసగుసలాడుకుని, పట్నంలో పెద్ద యూనియన్ నడిపే కార్యదర్శి దగ్గరికి వెళ్ళారు. ఆవిడ నెరిసిన జుట్టుతో, చేతిసంచితో వచ్చింది. సైకిల్ షాపు పైనున్న గదిలో ఆదివారం మధ్యాహ్నం ముప్పైమంది దాకా చేరారు. కుర్చీలు చాలక గోడలకి ఆనుకుని నిలబడ్డారు.

"మీలో ఒకామెకి యూనియన్‌లో పద్దెనిమిదేళ్ళ అనుభవం ఉందట కదా. కమిటీకి ముందు ఆమె పేరే రాసుకుందాం" అంది కార్యదర్శి.

తలలన్నీ తూనీగ వైపు తిరిగాయి. వద్దంటే ఎందుకని అడుగుతారు. ఊరుకుంటే పేరు రాస్తారు. ఆమె లేచి నిలబడింది.

"ఆ నలభై నన్ను చూసి పెట్టిందే. గడియారం ముందు నలభై ఒకటి కుట్టాను."

కింద షాపులో ఎవరో ట్యూబుకి గాలి కొడుతున్న చప్పుడు వినిపించింది.

"పదిహేడో నంబరు బూట్లలో మూడు కుట్లు వేసిందీ నేనే. ఆవిణ్ణి నిలబెట్టి అడిగినప్పుడు నేను అక్కడే కూర్చున్నాను."

మణికట్టుకి గుడ్డ చుట్టుకున్న అమ్మాయి అడిగింది. "గడియారం ముందు కుడితే ఏమవుతుందో నీకు తెలీదా అక్కా?"

"తెలుసు."

"మరెందుకు కుట్టావు?"

"నాకు పని వచ్చని చూపిద్దామని."

"చూపించావులే" అన్నారెవరో వెనకనుంచి. అందులో వెటకారం కూడా లేదు, అలసట ఉంది.

కార్యదర్శి గొంతు సవరించుకుని ఇంకో పేరు అడిగింది. మణికట్టుకి గుడ్డ చుట్టుకున్న అమ్మాయిని ఎన్నుకున్నారు. సభ్యత్వపు పుస్తకం చేతులు మారుతూ వచ్చింది. తూనీగ పందొమ్మిదో సంతకం పెట్టింది.

ఆ రాత్రి మెకానిక్‌కి కూడా చెప్పింది. అతను తిట్టలేదు. కంచంలో అన్నం కలుపుతూ, "తుడిచానన్నావు కదా" అని మాత్రం అన్నాడు. ఆ తరవాత ఎప్పుడూ ఆ ఊసు ఎత్తలేదు.

పని ఆపి పదకొండు రోజులు షెడ్డు ముందు కూర్చున్నాక యజమాని మాటలకి దిగాడు. గంటకు ముప్పై రెండు అని కాగితం మీద రాసుకున్నారు. పదిహేడో నంబరుని తిరిగి తీసుకోమని కూడా అడిగారు. తూనీగ యజమాని గదిలోకి వెళ్ళి, ఆ జతలు కుట్టింది నేనని చెప్పింది. ఆయన పాత ఫైలు తీయించి వదిన సంతకం చూపించాడు. తనవేనని ఆమే ఒప్పుకుంది, ఇక నేను చేసేదేముంది అన్నాడు. పోనీ అబద్ధపు నంబర్లు వేసినందుకు నన్ను తీసేయండని తూనీగ అంటే, పక్కనున్న కార్యదర్శి ఆమె చెయ్యి నొక్కి ఊరుకోమంది. ఇప్పుడు యూనియన్ ఉంది కదా, సంజాయిషీ అడక్కుండా ఎవర్నీ తీసేయడానికి వీల్లేదు. తూనీగ ఉద్యోగం పదిలంగా ఉంది.

యజమాని గదినుంచి తిన్నగా వదిన దగ్గరికి నడిచింది. మీటింగులో మాట ఆ పూటే వదిన చెవిన పడిందని ఆమెకు తెలుసు. అప్పటినుంచీ తూనీగ ఆ గడప తొక్కలేదు. తలుపు తీసే ఉంది. వదిన గోడకు ఆనుకుని సంచులు పేర్చుకుంటోంది. కాసేపటికి ఒక కాగితాల కట్ట పక్కకి జరిపింది, కూర్చోవడానికి చోటు వచ్చింది.

"నిన్ను తీసుకోమని అడిగాం వదినా. కుదరదన్నాడు."

"నేను సంతకం పెట్టాను కదా" అంది వదిన.

"లెక్క మాత్రం తగ్గించాడు."

"ఎంత?"

"ముప్పై రెండు."

వదిన చేతిలో పని ఆపింది. వేళ్ళు ముందుకు చాపి, ఒక్కొక్కటే మడిచి, మళ్ళీ చాపి చూసుకుంది.

"ముప్పై రెండైతే నేను కుట్టేదాన్ని" అంది.

నిష్ఠూరంగా అనలేదు. తనలో తాను లెక్క సరిచూసుకున్నట్టు అంది. తూనీగ కింద పరిచిన కాగితాల వైపు చూస్తూ కూర్చుంది. వదిన జిగురు గిన్నె మళ్ళీ ముందుకు లాక్కుంది. ఈసారి సాయానికి చెయ్యి చాపడానికి కూడా తూనీగకు మొహం చెల్లలేదు.